మిల్లింగ్ మిషన్‌కు కట్టిన మోకు

"...గోడకున్న మోకు తీసి గిర్రగిర్ర తిరిగే ఇనుపదానికి కడ్తవా? కాటమయ్య దేవుని కాడ పసుపు వెట్టి మొక్కిన మోకురా అది! మోటరు బెల్టనుకున్నవా?"

"అవ్వా, రెండేండ్ల సంది దాన్ని ముట్టినోడు లేడు. బల్లులు సంసారం చేస్తున్నయి దాంట్ల."

"చెయ్యనియ్. బల్లులకున్న మర్యాద సుత నీకు లేకపాయె."

కోరుట్లలో జగిత్యాల రోడ్డు పక్కన, పిండి గిర్నికి ఆనుకుని ఉన్న షట్టరు వెనక గదిలో మొగిలవ్వ, ఆమె కొడుకు మహేందర్ పొద్దున్నే వాదించుకుంటున్నారు. ఆ మోకు సొంతదారు, మహేందర్ తండ్రి సమ్మయ్య గడప మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. ఇంకా ఎవరి పక్షమూ తీసుకోలేదు.

మోకు అంటే తాడిచెట్టు ఎక్కే గౌడు చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. దాని మీద బరువు వేసి వెనక్కి ఒరిగితే మనిషి చెట్టుకు అతుక్కుంటాడు. ముందుకు వంగితే తాడు వదులవుతుంది, దాన్ని కొంచెం పైకి జరుపుకుని మరో అడుగు ఎక్కుతాడు. సమ్మయ్య బతుకంతా ఈ రెండు కదలికల్లోనే గడిచింది.

మల్యాల దగ్గరి ఊళ్లో ఆయన కల్లు గీసే తాడిచెట్లను ప్లాట్ల కోసం కొట్టేశారు. చెట్లు పోయిన తర్వాత కూడా కొన్నాళ్లు పొద్దున్నే లేచి, మోకు భుజాన వేసుకుని, హద్దురాళ్ల మధ్య తిరిగి వచ్చేవాడు. చివరికి మోకునూ, గీత కత్తినీ, వీపుకు ఆనించుకునే తోలుపట్టీనీ యూరియా సంచిలో కట్టుకుని భార్యతో సహా కొడుకు దగ్గరికి వచ్చేశాడు. బస్సులో కండక్టరు సంచిలో ఏముందని అడిగితే "నా కొలువు" అన్నాడు. కండక్టరు సంచికి టికెట్టు కొట్టలేదు.

గౌడుల ఇళ్లలో కొడుకు చేతికందితే తండ్రి వాడికి కొత్త మోకు పేనుతాడు. ఒకడి మోకు ఇంకొకడు వేసుకోడు. సమ్మయ్య మహేందర్‌కు మోకు పేనలేదు. తమ్ముడు సాంబయ్య చెట్టు మీది నుంచి పడి చచ్చిపోయిన ఏడు, పేనడానికి తెచ్చిన నారను పొయ్యిలో పెట్టి, మహేందర్‌ను జగిత్యాలలో ఐటీఐలో చేర్చాడు. మహేందర్ అక్కడ మిషన్ పని నేర్చుకుని షార్జా పోయాడు. కొన్నేళ్లకు అక్కడి కంపెనీ తలుపులు మూసింది. తిరిగి వచ్చి, చేతిలో ఉన్నదంతా పెట్టి హైదరాబాదులో ఒక పాత మిల్లింగ్ మిషన్ కొని ఈ షట్టరులో దించాడు. దాన్ని లారీలోంచి దించేటప్పుడు సమ్మయ్య చూసిన చూపులో గౌరవం ఉంది. ఆ మిషన్ నిలువుగా, నల్లగా, తల పైన చక్రంతో ఉంది.

"తాడిచెట్టే ఇది," అన్నాడు మొగిలవ్వతో. "గెల ఏస్తదో లేదో సూడాలె."

గెల వేయలేదు. ఊళ్లో మిషన్ పని చేయించుకునేవాళ్లు తక్కువ. జగిత్యాలలో ఒక ఏజెంటు మళ్లీ వీసా ఉందన్నాడు. మహేందర్ మెడికల్ చేయించుకుని పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టి వచ్చాడు. మహేందర్ భార్య నవనీత ఆ రోజు నుంచి అతనితో బీడీల చాటను అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. "మొదటిపారి పోయినప్పుడు చిన్నబిడ్డ నడుస్తలేకుండె. నువ్వచ్చినప్పుడు నిన్ను చూసి మామయ్య అన్నది. ఇంకోపారి పో, తాత అంటది."

సరిగ్గా అప్పుడు సిరిసిల్ల నుంచి ఆనందం సేటు ఫోన్ చేశాడు. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఆయనకు సాంచాల రిపేరు కార్ఖానా ఉంది. పండుగ చీరల ఆర్డరు వచ్చి, ఏడాదిగా ఆగి ఉన్న సాంచాలన్నీ ఒక్కసారి లేచాయట. నూలును అటూ ఇటూ మోసే నాడెను కొట్టే కర్రను పట్టి ఉంచే పోత ఇనుప బ్రాకెట్లు కావాలన్నాడు. ముందు కొన్ని మచ్చుకు చేసి చూపిస్తే, నచ్చితే ఇక ఏటా ఆ పని మహేందర్‌దే. ఆ పని నిలిస్తే షార్జా పోనక్కర్లేదు. నవనీత ఆ మాట విన్న రోజు బీడీల చాట పక్కన పెట్టి మొగుడికి ఎదురుగా కూర్చుని అన్నం పెట్టింది.

పని చూడ్డానికి చిన్నదే. బ్రాకెట్‌కు నాలుగు రంధ్రాలు. అవి అవతలికి పోవు, మధ్యలోనే అడుగు ఉంటుంది. వాటి లోపలి గోడలకు బోల్టు పట్టేలా చుట్టుచుట్టుగా గాడులు, అంటే చుడీలు తీయాలి. చుడీలు కోసే ముక్కను ట్యాపు అంటారు. దాన్ని మిషన్‌లో తిరిగే కడ్డీకి, అంటే స్పిండిల్‌కు బిగించి తిప్పుతూ దింపితే కోసుకుంటూ లోపలికి పోతుంది. అడుగుకు తగలకముందే స్పిండిల్ ఆగాలి. ఆగిన వెంటనే వెనక్కి తిరిగి ట్యాపును బయటికి తేవాలి.

మహేందర్ మిషన్ ఆగదు. స్విచ్ కట్టేసినా స్పిండిల్ తన ఊపులో తాను ఇంకా కొంచెం తిరుగుతుంది. ఆ కొంచెంలోనే ట్యాపు అడుగుకు గుద్దుకుని టిక్కుమంటుంది. విరిగిన ముక్క రంధ్రంలోనే ఉండిపోతుంది. అది బ్రాకెట్ కన్నా గట్టిది కాబట్టి దాన్ని తీయడం కన్నా బ్రాకెట్‌ను పారేయడం తేలిక. చుడీలు చేత్తో కూడా తీయవచ్చు. కానీ సేటు అడిగినన్ని చేత్తో తీస్తే ఈ పండుగ పోయి పై పండుగ వస్తుంది.

మహేందర్ అన్నీ చేసి చూశాడు. తోలు గ్లౌజు వేసుకుని తిరిగే స్పిండిల్‌ను పట్టుకున్నాడు. గ్లౌజు కాలింది. స్పిండిల్ ఆగకముందే స్విచ్‌ను ఒక్కసారిగా వెనక్కి తిప్పాడు. మోటరు గట్టిగా మూలిగింది, ఫ్యూజు ఎగిరింది, పక్క గిర్ని ఆగింది. గిర్ని దేవయ్య మీసాల నిండా పిండితో వచ్చి నిలబడ్డాడు.

"మహేందరూ, నీది నీకు నిలవడ్తలేదని నాది ఆపినవా? అండ్ల ఒకామె కారం సగం వట్టింది. సగం మిరపకాయలు ఇంటికి తీస్కపోతదా?"

ఆ తర్వాత మహేందర్ మోటర్‌సైకిల్ టైరు ముక్కను మిషన్ పైన స్పిండిల్‌తో పాటే తిరిగే చక్రానికి చుట్టి లాగాడు. టైరు జారింది, వాసన వచ్చింది. ప్యాంటు బెల్టు తెగింది. చక్రాన్ని పట్టి ఉంచడానికి నారా తోలూ కలిపి పేనిన, జారని, తెగని తాడు కావాలి. అలాంటిది ఇంట్లో ఒకటే ఉంది. గొడవ దాని గురించే.

సమ్మయ్య నోరు పుక్కిలించి లోపలికి వచ్చాడు. గోడ మీది మోకును తీసి, దులిపి, కళ్లకద్దుకున్నాడు. బల్లి ఒకటి కింద పడి బీరువా వెనక్కి పోయింది.

"మోకు ఇస్త," అన్నాడు. "ఉత్తగనైతె రాదు. నాతోని అస్తది."

"నువ్వేం చేస్తవ్ బాపూ?"

"ఎక్కుత."

"మిషిన్ ఎక్కుతవా?"

"నేల మీద నిలవడి మోకు మీద బరువు ఎట్ల ఏస్తరురా? ఐటీఐల గదే చెప్పిన్రా?"

మొగిలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నవనీతకు తెలియలేదు.

సమ్మయ్య స్నానం చేసి, గోచి బిగించి, వీపుకు తోలుపట్టీ కట్టి, నడుముకు కత్తి పెట్టుకుని షట్టరులోకి వచ్చాడు. కత్తి ఎందుకని మహేందర్ అడగలేదు. ఆయన మిషన్‌కు పసుపు పెట్టి, దాని మొదలు దగ్గర నీళ్లు చల్లి, మోకును పై చక్రానికి చుట్టి, పాదాలు మిషన్ నడుముకు ఆనించి పైకి లేచాడు. మహేందర్ ట్యాపు దించాడు. సుద్దతో గీసిన గుర్తు దాకా రాగానే స్విచ్ కట్టేశాడు. "ఒరుగు!" అని అరిచాడు.

సమ్మయ్య ఒరిగాడు. చక్రం మోకుతో పాటు ఆయన్ని కూడా పక్కకు లాగింది. ఒక కాలు గాలిలోకి లేచింది. రెండో కాలు పట్టు వదల్లేదు. చక్రం ఆగింది. ట్యాపు విరగలేదు. మహేందర్ స్విచ్ వెనక్కి తిప్పాడు, తండ్రి ముందుకు వంగాడు, మోకు వదులైంది, ట్యాపు మెల్లగా బయటికి వచ్చింది. రంధ్రంలోకి బోల్టు తిప్పితే సాఫీగా పోయింది.

"గాలి చెట్టు," అన్నాడు సమ్మయ్య, గాలిలో ఉన్న కాలును దించుకుంటూ. "మా ఊళ్లె గిసొంటిది ఒకటుండె. తూర్పు దిక్కు ఈడుస్తుండె."

రెండో రంధ్రానికి ఇబ్బంది వచ్చింది. సమ్మయ్య కిందికి దిగి, నేలను ముట్టి, చేతులు కళ్లకద్దుకుని, మళ్లీ ఎక్కాడు. మూడోదానికీ అంతే.

"బాపూ, దిగకు. ఆడనే ఉండు. ఇంకో బొక్కనే గద."

"ఒక చెట్టు మీదికెల్లి ఇంకో చెట్టు మీదికి దుంకుతరారా? నేనేమన్న కోతినా?"

"చెట్టు ఒకటే! బొక్కలే నాలుగు!"

"కల్లు దించినంక దిగాలె. దిగినంక ఎక్కాలె. మా తాత గట్లనే ఎక్కిండు, మా బాపు గట్లనే ఎక్కిండు. ఈ కాలం వచ్చి ఏం మారింది?"

మహేందర్ వాదన మానేశాడు. తండ్రి దిగి ఎక్కే లోపల బ్రాకెట్‌ను తర్వాతి రంధ్రానికి జరిపి బిగించుకోవడం అలవాటు చేసుకున్నాడు. నిజానికి ఆ సమయం దానికి సరిగ్గా సరిపోయేది.

సమ్మయ్య నియమాలు ఇంకా ఉన్నాయి. షట్టరులో చెప్పులు వేసుకోరాదు. పొద్దునా, సాయంత్రమూ తప్ప మిషన్ నడపరాదు. మధ్యాహ్నం దానికి చల్లదనం కావాలి. సుద్ద గుర్తు దగ్గరికి వచ్చేటప్పుడు కింద ఉన్నవాళ్లు మాట్లాడరాదు. వారం తిరిగేసరికి షట్టరు ముందు రోజూ నలుగురైదుగురు చేరి, చెప్పులు రోడ్డు మీద వదిలి, నోరు మూసుకుని చూసేవాళ్లు. దేవయ్య గిర్ని ఆపి మరీ వచ్చేవాడు. ఒకాయన అలవాటుగా చెంబు తెచ్చుకున్నాడు. మొగిలవ్వ అతనికి మంచినీళ్లు పోసి పంపింది.

సమ్మయ్యలో మార్పు అందరికీ కనిపించింది. రెండేళ్లుగా ఒంగి నడిచిన మనిషి నిటారుగా నడుస్తున్నాడు. రాత్రి అన్నం దగ్గర "ఇయ్యాల మంచిగ పారింది" అంటున్నాడు. ట్యాపులు విరగడం ఆగిపోయింది. మచ్చు బ్రాకెట్లు పూర్తయ్యాయి.

ఆనందం సేటు ఫోన్ చేశాడు. "ఏం మహేందరూ, ట్యాపులు ఇరుగుతున్నయంటివి?"

"బ్రేకు వెట్టిన సేటూ. ఒక్కటి ఇరుగుతలేదు."

"అబ్బో. ఏ కంపెనీది?"

మహేందర్ మిషన్ వైపు చూశాడు. కంపెనీ మిషన్ మీద కూర్చుని కత్తి నూరుకుంటోంది. "మనదే. లోకల్."

"గ్యారంటీ?"

"అరవై ఏండ్లు దాటి నడుస్తున్నది సేటూ."

"నేనచ్చి చూస్త."

సేటు వచ్చే రోజు మహేందర్ తల్లిదండ్రులను రోడ్డవతలి హోటలుకు చాయ్ తాగడానికి పంపేశాడు. షార్జాలో పని చేసి వచ్చిన మిస్త్రీ తండ్రిని మిషన్‌కు వేలాడదీసి పని చేస్తున్నాడని సిరిసిల్లంతా తెలియడం అతనికి ఇష్టం లేదు. సేటు వచ్చాడు. పలచటి మనిషి. తానూ కొన్నాళ్లు భీవండిలో సాంచాలు నడిపి వచ్చినవాడు. బ్రాకెట్లను ఒక్కొక్కటే తీసి, ప్రతి రంధ్రంలోకీ బోల్టు తిప్పి చూశాడు. తల ఊపాడు.

"మంచిగున్నయి. ఇగ బ్రేకు చూపియ్యి."

"అది... లోపల ఉంటది సేటూ. కనవడది."

"నడిపియ్యి మల్ల."

మహేందర్ ట్యాపు బిగించి, దేవుణ్ని తలచుకుని, గుర్తు కన్నా ముందే స్విచ్ కట్టేశాడు. స్పిండిల్ తిరుగుతూనే ఉంది. టిక్కుమంది.

రోడ్డవతల హోటల్లో సమ్మయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయనకు ఎండిన మట్ట విరిగిన చప్పుడు ఎక్కడున్నా వినిపిస్తుంది. లేచి, రోడ్డు దాటి, షట్టరు ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. సేటు కాళ్ల వైపు చూశాడు.

"చెప్పులు ఇడువయ్యా. నువ్వు సూడచ్చినోనివైనా సరే."

సేటు అయోమయంగా చెప్పులు విడిచాడు. సమ్మయ్య అంగీ తీసి, తోలుపట్టీ కట్టుకుని, మోకు చుట్టుకుని మిషన్ ఎక్కాడు. మహేందర్ తల ఎత్తకుండా కొత్త ట్యాపు బిగించాడు. పాడైన బ్రాకెట్‌ను పక్కన పెట్టి ఇంకొకటి పెట్టాడు. నాలుగు రంధ్రాలూ అయ్యాయి. నాలుగుసార్లూ సమ్మయ్య దిగి నేలను ముట్టి ఎక్కాడు. సేటు నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నోరు మూసుకుని చూశాడు. ఆ తర్వాత ఆయన అడిగినవన్నీ యంత్రం కొనేవాడు అడిగే ప్రశ్నలే.

"దినాం ఎంతసేపు నడుస్తది?"

"పొద్దుగాల, పొద్దుమీకి," అన్నాడు సమ్మయ్య.

"పగటీలి?"

"నడువది."

"వానకాలం?"

"వానకాలం మోకు నానితె బరువైతది. గని పట్టు ఎక్కువుంటది."

"ఖర్చేముంటది?"

"రెండు పూటల అన్నం," అంది మొగుడి వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డ మొగిలవ్వ. "రాత్రి కొంచెం కల్లు. నడుముకు రాయ నూనె."

సేటు మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. సిరిసిల్లలో తన కార్ఖానాలోనూ ఇలాంటి మిల్లింగ్ మిషన్ ఒకటి ఉందనీ, ట్యాపులు విరిచి విరిచి దాని మీద ఇప్పుడు నూలు కండెలు పెడుతున్నారనీ చెప్పాడు. తనకు కావాల్సిన బ్రాకెట్లు ఒక్క మిషన్ మీద దసరాకు కావు.

"రెండు మిషిన్లు నడువాలె మహేందరూ. నీదొకటి, నాదొకటి. నా కాడ మిషిన్ ఉన్నది, స్విచ్చు పట్టెటోడున్నడు, బ్రేకు లేదు. నువ్వు బ్రేకు ఇస్తే ఆర్డరు నీది. రెండు మిషిన్ల మీద పని నీదే. లేకుంటే భీవండికి ఇస్త. ఏం చేద్దు, సాంచాలు ఆగినయి. బుధారం దాక చూస్త."

"ఉన్నది ఒక్కటే బ్రేకు సేటూ," అన్నాడు మహేందర్.

"గదే చెప్తున్న." సేటు బయటికి నడిచి చెప్పులు వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, "సమ్మన్నా, మా తాన కల్లు మంచిగుంటది" అన్నాడు.

ఆయన పోయాక అందరూ వెనక గదిలో కూర్చున్నారు. తండ్రి సిరిసిల్ల పోతే ఇక్కడి మిషన్ ఆగదు, ట్యాపులు విరుగుతాయి. పోకపోతే ఆర్డరే లేదు. రెండు విధాలా చివరికి మిగిలేది జగిత్యాల ఏజెంటు.

"స్విచ్చు నేను పడ్త," అంది నవనీత. "దినాం చూస్తనే ఉన్న గద. సుద్ద గీత రాంగనే ఆపుడు, ఒరిగినంక మర్లేసుడు. బీడీలు చుట్టుట్ల కంటే సులువు."

"స్విచ్చు నువ్వు పడ్తె మోకుల ఎవరుంటరు?" అన్నాడు మహేందర్.

మొగిలవ్వ కొడుకును కింది నుంచి పైదాకా చూసింది. నవనీత కూడా చూసింది. గిర్నిలోంచి దేవయ్య గోడ మీదుగా తొంగి చూసి, సంగతి విని, అతనూ చూశాడు.

"నాకు రాదు," అన్నాడు మహేందర్. "నేను చిన్నప్పుడు జామచెట్టు సుత ఎక్కలేదు. బాపు ఎక్కనియ్యలేదు. షార్జాల లిఫ్టు ఎక్కితెనే నాకు కండ్లు తిరుగుతుండె."

"మిషిన్ మీది నుంచి పడ్తె ఎంత ఎత్తురా? మోకాలంత," అంది మొగిలవ్వ.

"ఎత్తు సంగతి కాదవ్వా. ఊరంత చూస్తరు."

"షార్జాల ఎవలు చూసిన్రు నిన్ను?" అంది నవనీత. "చూసెటోళ్లు లేకనేనా మల్ల పోతనంటున్నవ్?"

సమ్మయ్య కొడుకు భుజాలను, నడుమును, పాదాలను చూస్తున్నాడు. చాలా ఏళ్ల కింద పొయ్యిలో పెట్టిన నార ఆయనకు గుర్తొచ్చిందో ఏమో, లేచి వెళ్లి గోడ దగ్గర నిలబడ్డాడు. తన మోకును ముట్టుకుని చూశాడు. దాన్ని తీయలేదు. తిరిగి వచ్చి, జేబులోంచి ఒక దారం తీసి, కొడుకు నడుము చుట్టూ పెట్టి కొలిచి, ముడి వేసుకున్నాడు.

"బాపూ, ఏంది?"

"కదులకు."

మొగిలవ్వ ముఖం అటు తిప్పుకుంది. ఇంతలో మహేందర్ ఫోన్ మోగింది. జగిత్యాల ఏజెంటు. మహేందర్ ఫోన్‌ను చూస్తూ ఉండిపోయాడు. సమ్మయ్య దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, తలకిందులుగా చెవికి పెట్టుకున్నాడు. నవనీత దాన్ని సరిగా తిప్పింది.

"అన్నా, టికెటు అచ్చింది, శనివారం..." అన్నాడు ఏజెంటు.

"నేను మహేందర్ వాళ్ల బాపును మాట్లాడుతున్న. పాస్‌పోర్టు తీసి పక్కకు వెట్టు, రేపు మా కోడలు అచ్చి తీస్కపోతది. మావోడు రాడు. వానికి మోకు పేనుతున్న. బేస్తారం సంది చెట్టెక్కుతడు."